అకాలంలో ఉమ్మనీటి సంచి చిట్లిన గర్భాలలో జన్మించిన పిల్లల దీర్ఘకాలిక ఆరోగ్యం

గర్భస్థ శిశువును ఆవరించి ఉండే ఉమ్మనీటి సంచి సాధారణంగా కాన్పు నొప్పులు మొదలయిన తరువాత గాని, వాటికి కొద్ది గంటల ముందు గాని చిట్లుతుంది. 37 వారాలు నిండకముందే, నొప్పులు రాకుండానే ఈ సంచి చిట్లిపోవడాన్ని వైద్యశాస్త్రంలో ప్రీటెర్మ్ ప్రీలేబర్ రప్చర్ ఆఫ్ మెంబ్రేన్స్ అనీ, క్లుప్తంగా పీప్రామ్ అనీ వ్యవహరిస్తారు. వాడుక తెలుగులో దీనిని "ఉమ్మనీరు పోవడం" అంటారు. నూటికి రెండు మూడు గర్భాలలో ఇది సంభవిస్తుంది. 24 వారాలకు ముందే జరిగేవి మాత్రం బహు కొద్ది. మొత్తం గర్భాలలో నూటికి ఒకటి కూడా ఉండవు. ఆ కొద్ది గర్భాలలో పుట్టి, బతికి, ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన పిల్లల ఊపిరితిత్తులు, మెదడు, కీళ్ళు, కళ్ళు తరువాతి సంవత్సరాలలో ఎలా ఉంటాయన్నది ఈ వ్యాస విషయం.

ఉమ్మనీరు చేసే పని

ఉమ్మనీటి సంచికి రెండు పొరలు ఉంటాయి. లోపలి పొర ఉల్బం, వెలుపలి పొర పరాయువు. గర్భం సగం గడిచేసరికి లోపలి నీటిలో అధికభాగం శిశువు విసర్జించిన మూత్రమే. శిశువు దానిని మింగుతుంది, మళ్ళీ విసర్జిస్తుంది. ఊపిరితిత్తులలో ఊరే ద్రవం కూడా వచ్చి ఇందులో కలుస్తుంది.

ఈ నీరు కేవలం దెబ్బ తగలకుండా కాపాడే మెత్త అని చాలామంది అనుకుంటారు. అది దాని పనులలో ఒకటి మాత్రమే. శిశువు ఊపిరితిత్తులు తమలో ఊరిన ద్రవంతో ఎప్పుడూ ఉబ్బి ఉండాలి. ఆ సాగుదల వల్లనే శ్వాసనాళాలు కొమ్మలు వేసి విస్తరిస్తాయి. చుట్టూ ఉన్న ఉమ్మనీరు కారిపోతే, ఊపిరితిత్తులలోని ద్రవం కూడా నిలవదు. అవి ముడుచుకొని ఉండిపోతాయి. వాయు మార్పిడి జరగవలసిన భాగం, దాని చుట్టూ అల్లుకోవలసిన రక్తనాళాలు రూపు దిద్దుకొనేది ఇంచుమించు 16 నుండి 26 వారాల మధ్య. కనుక 30వ వారంలో నీరు పోయిన శిశువుకు, 18వ వారంలో నీరు పోయిన శిశువుకు చాలా తేడా ఉంటుంది. మొదటిదానికి ప్రధాన శత్రువు నెలలు నిండకపోవడం. రెండవదానికి ఆ శత్రువుతో పాటు, ఊపిరితిత్తుల నిర్మాణమే ఆగిపోయే ప్రమాదం తోడవుతుంది.

నీరు లేకపోతే కదలడానికి చోటు కూడా ఉండదు. కాళ్ళు చేతులు ముడుచుకొని, ముఖం గర్భాశయపు గోడకు ఒత్తుకొని ఉండిపోతుంది. అమెరికన్ వైద్యురాలు ఈడిత్ పాటర్ 1946లో, రెండు మూత్రపిండాలూ లేకుండా పుట్టిన శిశువుల ముఖ లక్షణాలను వర్ణించింది. ఆ శిశువులకు మూత్రం లేదు కాబట్టి ఉమ్మనీరూ లేదు. మూత్రపిండాలు సరిగా ఉండి, సంచి చిట్లడం వల్ల నీరు పోయిన శిశువులలోనూ అటువంటి లక్షణాలే కనిపించడంతో, లోపానికి మూలం నీరు లేకపోవడమేనని స్పష్టమయింది.

ఎందువల్ల చిట్లుతుంది

చాలా సందర్భాలలో కచ్చితమైన కారణం దొరకదు. యోని మార్గం నుండి పైకి పాకిన సూక్ష్మజీవులు పొరలను బలహీనపరచడం ముఖ్య కారణంగా భావిస్తారు. గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉండడం, గర్భిణిగా ఉండగా రక్తస్రావం, కవల గర్భం, పొగ తాగడం, ఇంతకుముందు కాన్పులో ఇలాగే జరిగి ఉండడం ముప్పును పెంచుతాయి. ఉమ్మనీటి పరీక్ష కోసం సూది గుచ్చినప్పుడు అరుదుగా నీరు కారుతుంది. ఆ రంధ్రం చాలావరకు తనంతట తాను పూడుకుంటుంది, అటువంటి గర్భాల ఫలితాలు మిగతావాటి కంటే ఎంతో మెరుగు. బరువు ఎత్తడం వల్లనో, ప్రయాణం చేయడం వల్లనో ఇలా జరిగిందని తల్లిని నిందించడం మన ఇళ్ళలో పరిపాటి. దానికి శాస్త్రీయమైన ఆధారం లేదు.

ఎందరు బతుకుతారు

దీర్ఘకాలిక ఆరోగ్యం గురించిన అంకెలను చదివే ముందు, అవి ఎవరిని లెక్కించి చెప్పినవో గమనించాలి. నీరు పోయిన గర్భాలన్నిటినీ లెక్కలోకి తీసుకుంటే ఒక శాతం వస్తుంది. సజీవంగా పుట్టిన వారిని మాత్రమే తీసుకుంటే మరొకటి, ఇంటికి చేరిన వారిని మాత్రమే తీసుకుంటే ఇంకొకటి వస్తుంది. మూడూ నిజమే, కాని ఒకదాని స్థానంలో మరొకటి చెబితే తల్లిదండ్రులు మోసపోతారు.

ఫ్రాన్సులో 2011లో జరిగిన నెలలు నిండని కాన్పులన్నిటినీ అనుసరించిన ఎపిపాజ్-2 అధ్యయనంలో, 22 నుండి 25 వారాల మధ్య నీరు పోయిన గర్భాల ఫలితాలు 2018లో వెలువడ్డాయి. మొత్తం 427 గర్భస్థ శిశువులలో సుమారు 59 శాతం బతికి ఇంటికి చేరారు. రెండేళ్ళ వయసులో సెరిబ్రల్ పాల్సీ లేకుండా ఉన్నవారు సుమారు 46 శాతం. నీరు పోయిన వారాన్ని బట్టి విడదీసి చూస్తే తేడా తెలుస్తుంది. 22వ వారంలో పోతే బతికి ఇంటికి చేరినవారు సుమారు 14 శాతం, 23వ వారంలో 40 శాతం, 24వ వారంలో 67 శాతం, 25వ వారంలో 76 శాతం. మూడు వారాల వ్యవధిలో ఇంత మార్పు వైద్యశాస్త్రంలో ఎక్కువ చోట్ల కనిపించదు.

బ్రిటన్‌లో 2019 సెప్టెంబరు నుండి 2021 ఫిబ్రవరి వరకు దేశమంతటా, 16 నుండి 23 వారాల లోపు నీరు పోయిన గర్భిణులను పరిశీలించారు. ఫలితాలు 2024లో ప్రచురితమయ్యాయి. ఒకే శిశువు ఉన్న గర్భాలలో, చివరివరకు వివరాలు తెలిసిన 207లో 54 మంది శిశువులు, అంటే 26 శాతం, బతికి ఇంటికి చేరారు. తీవ్రమైన అనారోగ్యం లేకుండా చేరినవారు 38 మంది. ఇదే అంకెను ఇంకొక వైపు నుండి చదివితే, ఇంటికి చేరిన 54 మందిలో 38 మంది, అనగా పదిమందిలో ఏడుగురు, తీవ్ర సమస్యలు లేకుండానే వెళ్ళారన్నమాట. గర్భిణితో మాట్లాడే వైద్యుడు చెప్పవలసింది మొదటి అంకె. బిడ్డను ఎత్తుకొని ఇంటికి బయలుదేరిన తల్లికి పనికివచ్చేది రెండవది.

నీరు పోయిన తరువాత కాన్పు ఎంత ఆలస్యమయితే బిడ్డకు అంత చెరుపు అనే అభిప్రాయం ఒకప్పుడు బలంగా ఉండేది. 24 నుండి 32 వారాల మధ్య నీరు పోయిన గర్భాలలో, కాన్పు ఏ వారంలో జరిగిందన్నదే ప్రధానమనీ, మధ్యలో గడిచిన రోజుల సంఖ్య విడిగా హాని చేసినట్లు కనబడలేదనీ అదే ఫ్రెంచి అధ్యయనం తేల్చింది. అయితే తల్లికి ఇన్‌ఫెక్షన్ సోకితే ఈ మాట వర్తించదు.

ఊపిరితిత్తులు

బాగా ముందుగా నీరు పోయిన శిశువులలో మొదటి కొన్ని గంటలే కీలకం. ఊపిరితిత్తులు మరీ చిన్నవిగా ఉండిపోతే (పల్మనరీ హైపోప్లేసియా) ఎంత చికిత్స చేసినా నిలవడం కష్టం. కాని పుట్టగానే ఆక్సిజన్ అందక నీలంగా మారిన ప్రతి శిశువూ ఈ కోవకు చెందదు. కొందరిలో ఊపిరితిత్తులు ద్రవం లేక అతుక్కొని ఉండి, రక్తనాళాలు బిగుసుకొని ఉంటాయి. వెంటిలేటరుతో తగిన ఒత్తిడి ఇచ్చి, నైట్రిక్ ఆక్సైడు వాయువు పీల్పిస్తే రెండు మూడు రోజులలో తేరుకుంటారు. దీనిని పొడి ఊపిరితిత్తి స్థితి అంటారు. పుట్టకముందు తీసిన స్కానింగు ఈ రెండింటినీ కచ్చితంగా వేరు చేయలేదు.

బతికిన వారిలో ఎక్కువగా కనిపించే దీర్ఘకాలిక సమస్య బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా. గర్భం 36 వారాలకు సమానమైన వయసు వచ్చిన తరువాత కూడా శిశువుకు ఆక్సిజన్ అవసరమయితే ఈ పేరు పెడతారు. అదే వారంలో పుట్టిన, కాని సంచి చిట్లని శిశువులతో పోల్చినప్పుడు, బాగా ముందుగా నీరు పోయిన వారిలో శ్వాస సమస్యలు ఎక్కువగా ఉంటాయి. మొదటి రెండేళ్ళలో జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలు రావడం, న్యుమోనియాతో మళ్ళీ మళ్ళీ ఆసుపత్రిలో చేరడం మామూలు.

తరువాత పరిస్థితి క్రమంగా మెరుగవుతుంది. వాయుగోణులు పుట్టిన తరువాత కూడా కొన్ని సంవత్సరాల పాటు కొత్తగా ఏర్పడుతూ ఉండడం ఇందుకు కారణం. అయినా లోపం పూర్తిగా పూడదు. బ్రిటన్, ఐర్లండులలో 1995లో 26 వారాల లోపు పుట్టిన పిల్లలను ఎపిక్యూర్ అధ్యయనం ఏళ్ళ తరబడి అనుసరించింది. పదకొండేళ్ళ వయసులో వారిలో నాలుగో వంతు మందికి ఉబ్బసం ఉంది. సగానికి పైగా పిల్లలలో ఊపిరి పరీక్ష ఫలితం సాధారణ స్థాయికి తక్కువగా వచ్చింది. వీరందరూ ఉమ్మనీరు పోయి పుట్టినవారు కారు గాని, అంత చిన్న వయసులో పుట్టిన ఊపిరితిత్తులు ఎలా ఎదుగుతాయో ఈ అంకెలు చూపుతాయి.

ఇటువంటి పిల్లలున్న ఇంట్లో పొగ పనికిరాదు. పొగాకు పొగ, కట్టెల పొయ్యి, దోమల చుట్టలతో పాటు, మన బాలింత గదులలో స్నానం తరువాత పసిబిడ్డకు వేసే సాంబ్రాణి ధూపం కూడా ఈ జాబితాలోనిదే. పెద్దలకు ఈ మాట రుచించకపోవచ్చు. టీకాలు శిశువు పుట్టిన తేదీని బట్టే వేయించాలి. నెలలు నిండలేదని వాయిదా వేయడం పొరపాటు. ఆరు నెలలు దాటాక ఇన్‌ఫ్లుయెంజా టీకా కూడా వేయించడం మేలు.

మెదడు, నడక, చదువు

నెలలు నిండని శిశువు మెదడుకు రెండు వైపుల నుండి ముప్పు ఉంది. ఒకటి, లోపలి గదులలో రక్తస్రావం. రెండవది, ఆ గదుల పక్కనే ఉన్న తెల్లపదార్థం దెబ్బతినడం. కాళ్ళను కదిలించే నాడీ తంతువులు అక్కడి నుండే వెళ్తాయి కాబట్టి, ఈ దెబ్బ వల్ల కాళ్ళు బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ వస్తుంది. గర్భాశయంలో ఇన్‌ఫెక్షన్ సోకినప్పుడు శిశువు రక్తంలో పెరిగే వాపు పదార్థాలు కూడా తెల్లపదార్థానికి హాని చేస్తాయి. అప్పటివరకు వచ్చిన పరిశోధనలను క్రోడీకరించి 2000లో ప్రచురించిన ఒక సమీక్షలో, నెలలు నిండని శిశువులలో తల్లికి ఉమ్మనీటి పొరల వాపు ఉన్నప్పుడు సెరిబ్రల్ పాల్సీ ముప్పు దాదాపు రెట్టింపు అని తేలింది. తరువాతి పరిశీలనలన్నీ దీనితో ఏకీభవించలేదు.

నీరు పోవడం దానంతట అది మెదడును దెబ్బతీస్తుందా? ఒకే వారంలో పుట్టిన పిల్లలను పోల్చినప్పుడు ఊపిరితిత్తులలో కనిపించినంత తేడా మెదడు విషయంలో స్పష్టంగా కనిపించదు. పుట్టిన వారం, ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం - ఈ మూడే ముఖ్యం.

ఎదుగుదలను అంచనా వేసేటప్పుడు మొదటి రెండేళ్ళు సవరించిన వయసును వాడాలి. ఉదాహరణకు 26వ వారంలో పుట్టిన బిడ్డ 14 వారాలు ముందుగా వచ్చింది. ఆ బిడ్డకు పది నెలలు నిండాయంటే, ఎదుగుదల లెక్కలో ఏడు నెలలు కూడా నిండలేదని అర్థం. "పదో నెల వచ్చినా పాకడం లేదు" అనే బెంగ చాలాసార్లు ఈ తీసివేత చేయకపోవడం వల్ల కలిగేదే. సవరించిన తరువాత కూడా వెనుకబడి ఉంటే మాత్రం ఆలస్యం చేయరాదు.

రెండేళ్ళ పరీక్షలో బాగున్నారనిపించుకున్న పిల్లలలో కొందరికి ఇబ్బంది బడికి వెళ్ళాక బయటపడుతుంది. ఎపిక్యూర్ పిల్లలలో పదకొండేళ్ళ వయసుకు 13 శాతం ప్రత్యేక పాఠశాలలలో ఉన్నారు. సాధారణ పాఠశాలలలో చదువుతున్న వారిలోనూ సగానికి పైగా అదనపు సహాయం అవసరమయింది. లెక్కలు, ఏకాగ్రత, తోటివారితో కలుపుగోలుతనం - వీటిలో లోపం ఎక్కువ. అల్లరి చేసే పిల్లవాడిని ఉపాధ్యాయుడు గుర్తిస్తాడు. కిటికీలోనుండి చూస్తూ కూర్చునే నిశ్శబ్దపు ఏకాగ్రతా లోపాన్ని గుర్తించడం కష్టం. వీరిలో ఎక్కువగా ఉండేది రెండవ రకమే. అయిదో తరగతిలో లెక్కలు రాని పిల్లవాడు ఎన్నో వారంలో పుట్టాడని బడిలో ఎవరూ అడగరు, తల్లిదండ్రులకూ చెప్పాలని తోచదు. చెప్పడం అవసరం. మందబుద్ధి అని ముద్ర వేయడానికి కాదు, పలకల మీద, పూసల మీద, నెమ్మదిగా, ఒక్కొక్క మెట్టుగా నేర్పితే ఈ పిల్లలలో చాలామంది అందుకుంటారు కాబట్టి.

కీళ్ళు, కళ్ళు, చెవులు, మూత్రపిండాలు

నీరు లేక ఒత్తుకుపోవడం వల్ల వచ్చే వంకర పాదాలు, బిగుసుకున్న మోకాళ్ళు, మెడ ఒరగడం, తుంటి కీలు జారడం చూడడానికి భయం గొలుపుతాయి. ఇవి లోపలి నిర్మాణ దోషాలు కావు, బయటి ఒత్తిడి వల్ల వచ్చినవి. అందుచేత అనేకం ఫిజియోథెరపీతో, పాదాలయితే వరుసగా వేసే సిమెంటు కట్లతో, సర్దుకుంటాయి. ముఖం రూపు కూడా నెలలు గడిచేకొద్దీ మామూలవుతుంది. తుంటి కీలును మాత్రం స్కానింగు చేయించి నిర్ధారించుకోవాలి. నడక వచ్చేవరకు ఆగితే చికిత్స జటిలమవుతుంది.

కంటి వెనుక తెరలోని రక్తనాళాలు నెలలు నిండేవరకు పూర్తికావు. ముందుగా పుట్టిన శిశువులో అవి అడ్డదిడ్డంగా పెరిగి తెరను లాగివేస్తే శాశ్వత అంధత్వం వస్తుంది. సకాలంలో లేజరు చికిత్స చేస్తే చాలావరకు నివారించవచ్చు. వినికిడి పరీక్ష కూడా తప్పనిసరి. మూత్రపిండాలలోని నెఫ్రాన్ల తయారీ 36వ వారం వరకు సాగుతుంది, ఆ తరువాత కొత్తవి పుట్టవు. ముందుగా పుట్టినవారు తక్కువ నెఫ్రాన్లతో జీవితం గడపవలసి ఉంటుంది. యౌవనంలో వీరి రక్తపోటు తోటివారికంటే కొంత ఎక్కువగా ఉండడానికి ఇది ఒక కారణమని భావిస్తారు. ఏడాదికొకసారి రక్తపోటు చూపించుకోవడం ఖర్చులేని జాగ్రత్త.

గర్భిణికి ఇచ్చిన చికిత్స, పిల్లలపై దాని ప్రభావం

న్యూజిలాండు వైద్యులు లిగ్గిన్స్, హౌవీ 1972లో ప్రకటించిన స్టెరాయిడు ఇంజెక్షన్లు ఈ రంగంలో పెద్ద మలుపు. కాన్పుకు ముందు తల్లికి ఇచ్చిన ఈ మందు శిశువు ఊపిరితిత్తులను త్వరగా పక్వం చేస్తుంది. ఆనాటి పిల్లలను ముప్ఫై ఏళ్ళ వయసు వరకు అనుసరించి పరీక్షించినా, తెలివితేటలకు హాని కలిగిన జాడ కనబడలేదు.

యాంటీబయోటిక్ మందుల కథ ఇంత సూటిగా లేదు. బ్రిటన్ నాయకత్వంలో జరిగిన ఒరాకిల్ పరిశోధనలో నీరు పోయిన 4826 మంది గర్భిణులు పాల్గొన్నారు; ఫలితాలు 2001లో వచ్చాయి. ఎరిత్రోమైసిన్ ఇచ్చినవారిలో కాన్పు కొంత వాయిదా పడి, శిశువులకు కొన్ని తక్షణ లాభాలు కలిగాయి. కో-అమాక్సిక్లావ్ ఇచ్చినవారి శిశువులలో పేగు కుళ్ళిపోయే వ్యాధి పెరిగింది. ఈ పిల్లలు ఏడేళ్ళవారయ్యాక 2008లో చూస్తే, మందు తీసుకున్న వారి పిల్లలకు, తీసుకోని వారి పిల్లలకు ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే పరిశోధనలోని మరొక భాగంలో, సంచి చిట్లకుండా నొప్పులు మాత్రమే వచ్చిన వారికి అవే మందులు ఇవ్వగా, వారి పిల్లలలో సెరిబ్రల్ పాల్సీ పెరిగింది. ఒక స్థితిలో మేలు చేసే మందు దానికి దగ్గరగా ఉన్న మరొక స్థితిలో కీడు చేయగలదని, అది తెలియడానికి ఏడేళ్ళు వేచి చూడవలసి వచ్చిందని, ఈ ఫలితం చూపింది. నీరు పోయినప్పుడు ఎరిత్రోమైసిన్ ఇవ్వాలనీ, కో-అమాక్సిక్లావ్ వాడరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది.

కాన్పుకు ముందు మెగ్నీషియం సల్ఫేటు ఇస్తే మెదడుకు రక్షణ ఉంటుందా అని అమెరికాలో 2241 మంది గర్భిణులపై పరీక్షించారు. వారిలో 87 శాతం మంది ఉమ్మనీరు పోయినవారే. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఒక మోస్తరు నుండి తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ 3.5 శాతం నుండి 1.9 శాతానికి తగ్గింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండులలో జరిగిన ఇటువంటి పరీక్షలోని పిల్లలను బడి వయసులో మళ్ళీ చూసినప్పుడు (2014) లాభం గాని నష్టం గాని స్పష్టంగా తేలలేదు.

పోయిన నీటిని సూది ద్వారా మళ్ళీ నింపవచ్చు గదా అన్న ఆలోచన సహజం. 16 నుండి 24 వారాల మధ్య నీరు పోయిన 58 మంది గర్భిణులపై బ్రిటన్‌లో దీనిని ప్రయత్నించి 2014లో ఫలితం ప్రకటించారు. మరణాలు తగ్గలేదు. ఊపిరితిత్తుల లోపం గాని ఎదుగుదల లోపం గాని లేకుండా మిగిలిన పిల్లలు మొత్తం నలుగురే. ఆ నలుగురూ నీరు నింపిన వర్గంలోనివారు కావడం ఆశ కలిగించింది. నెదర్లాండ్స్‌లో జరిగి 2019లో వెలువడిన మరో పరీక్ష కూడా మరణాలు తగ్గినట్లు నిరూపించలేకపోయింది. రెండూ చిన్న పరీక్షలే.

తల్లి ప్రాణం

బిడ్డ భవిష్యత్తు గురించి మాట్లాడేటప్పుడు, వేచి ఉండే కాలమంతా తల్లి ప్రాణం పణంగా ఉందని మరువరాదు. పైన చెప్పిన బ్రిటిషు అధ్యయనంలో 12 శాతం మంది తల్లులకు రక్తం విషపూరితమయ్యే సెప్సిస్ వచ్చింది, ఇద్దరు మరణించారు. 2012 అక్టోబరులో ఐర్లండులో, కర్ణాటకకు చెందిన దంతవైద్యురాలు సవితా హాలప్పనవర్ 17 వారాల గర్భంతో, సంచి చిట్లి, సెప్సిస్‌తో మరణించింది. శిశువు గుండె కొట్టుకుంటున్నందున గర్భస్రావానికి చేసిన అభ్యర్థనను నిరాకరించారు. ఆ మరణంపై రేగిన ఆందోళన, 2018లో ఆ దేశ రాజ్యాంగ సవరణకు దారితీసిన కారణాలలో ఒకటి. భారతదేశంలో 1971 నాటి చట్టాన్ని 2021లో సవరించి, కొన్ని వర్గాల స్త్రీలకు గర్భస్రావ పరిమితిని 20 నుండి 24 వారాలకు పెంచారు. తల్లి ప్రాణం కాపాడడానికి తక్షణం అవసరమయితే ఈ వారాల పరిమితి వర్తించదు.

తెలుగు రాష్ట్రాలలో అందుబాటులో ఉన్న సేవలు

భారతదేశంలో 34 వారాల లోపు గాని, 2 కిలోల లోపు బరువుతో గాని పుట్టిన శిశువులకు, పుట్టిన 30 రోజులలోపు కంటి తెర పరీక్ష చేయించాలన్నది నియమం. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1990ల చివరి నుండి జంటనగరాల నవజాత శిశు విభాగాలకు వెళ్ళి ఈ పరీక్షలు చేసే పద్ధతిని అమలుచేసింది. బిడ్డ బరువు పెరగడం లేదని ఇంట్లోనే ఉంచుకొని నెల దాటించడం, నివారించదగిన అంధత్వానికి దారితీస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద, పుట్టినప్పటి నుండి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. అక్కడ వినికిడి, చూపు, నడక, మాట - వీటికి సంబంధించిన చికిత్సలు ఉచితం. బుద్ధిమాంద్యం, ఎదుగుదల లోపాలు ఉన్నవారికి సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ శిక్షణ, సలహాలు అందిస్తుంది. బడి వయసు పిల్లలకు మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఉన్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సెరిబ్రల్ పాల్సీతో పాటు, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా అందులో చేరాయి. నవజాత శిశు విభాగం నుండి ఇచ్చిన డిశ్చార్జి పత్రంలో పుట్టిన వారం, నీరు పోయిన వారం, ఆక్సిజన్ ఇచ్చిన రోజుల సంఖ్య ఉంటే, ఈ కేంద్రాలలో పరీక్షించేవారి పని ఎంతో సులువవుతుంది. కనుక ఆ పత్రాన్ని బిడ్డ బడి చదువు పూర్తయ్యేవరకు భద్రపరచాలి.